గుండె మారింది... బండి అదే!

పరిగికి రైలు లేదు. కానీ పాత రైలింజన్లకు కొత్త ప్రాణం పోసిన కథ వినాలంటే పరిగి నుంచి బయల్దేరడమే మంచిది. ఎందుకంటారా? పాత బండిలో కొత్త ఇంజన్ బిగించడమంటే ఏమిటో ఇలాంటి రోడ్డు మీది ఊళ్లకు తెలిసినంతగా రైలు స్టేషన్లకు కూడా తెలియదు!

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ దాటితే వచ్చే పెద్ద ఊరు పరిగి. మర్రిచెట్లకు పేరుపడ్డ దారి అది. వికారాబాద్ జిల్లాలో మండల కేంద్రం, మున్సిపాలిటీ, అసెంబ్లీ నియోజకవర్గం, ఆర్టీసీ డిపో... ఓ పట్టణానికి ఉండాల్సినవన్నీ ఉన్నాయి. ఒక్క రైలు స్టేషన్ తప్ప!

‘‘రైలా? వికారాబాద్ పోవాలె’’ - బస్టాండులో ఎవరినడిగినా ఇదే జవాబు. ముంబయి వెళ్లే కూలీలైనా, పుణెలో ఉద్యోగం చేసే అబ్బాయైనా, తిరుపతి మొక్కున్న కుటుంబమైనా ముందు బస్సెక్కాల్సిందే. ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ప్రయాణం. సామాను దించుకుని, పిల్లల్ని లెక్కపెట్టుకుని, మళ్లీ ప్లాట్‌ఫాం మీదికి పరుగు.

రైలు లేకపోతేనేం, ఈ ఊరికి ఇంజన్లతో పరిచయం తక్కువేం కాదు. జాతీయ రహదారి మీది ఊరు కదా! ట్రాక్టర్లు, లారీలు, ఆటోలు, బోరు మోటార్లు... ఏదో ఒకటి రిపేరుకు వస్తూనే ఉంటుంది. బోరింగ్ చేయించిన ఇంజన్, రీవైండింగ్ చేయించిన మోటారు, వేరే బండి నుంచి తెచ్చి వేసిన గేరుబాక్సు - ఇవన్నీ ఇక్కడ రోజువారీ మాటలు.

కాస్త వయసున్న వాళ్లకు మటాడోర్ అంబాసిడర్లు గుర్తుండే ఉంటాయి. పెట్రోలు తాగి తాగి యజమానిని ముంచేస్తున్న అంబాసిడర్ కారులోంచి అసలు ఇంజన్‌ను దించేసేవారు. మటాడోర్ వ్యాను డీజిల్ ఇంజన్‌ను ఎక్కించేవారు. శబ్దం పెరిగేది, ఒళ్లంతా వణుకు మొదలయ్యేది. అయితేనేం? ఖర్చు తగ్గేది. బయటికి చూస్తే అదే కారు, అదే నెంబరు ప్లేటు. బానెట్ ఎత్తితే తప్ప గుండె మారిన సంగతి తెలిసేది కాదు.

ఇంజన్ మారితే ఆ సంగతి రిజిస్ట్రేషన్ కాగితాల్లో రాయించుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. ఆ కాగితంలో రెండు నెంబర్లుంటాయి. ఒకటి ఇంజన్‌ది, రెండోది చాసిస్‌ది. ఇంజన్ మారినా చాసిస్ నెంబరు అదే ఉంటుంది. అంటే బండి అసలు గుర్తింపు దాని గుండెలో కాదు, వెన్నెముకలో ఉందన్నమాట!

సరిగ్గా ఇదే పని 110 టన్నులకు పైగా బరువుండే రైలింజన్‌తో చేస్తే? చేశారు. ఒకటి రెండింటికి కాదు, వందలాది ఇంజన్లకు. వాటిలాంటివి వికారాబాద్ - తాండూరు పట్టాల మీద దశాబ్దాల పాటు తిరిగాయి.

నిజాం వేసిన దారి

వికారాబాద్ స్టేషన్ కొత్తదేమీ కాదు. సికింద్రాబాద్‌ను వాడితో కలుపుతూ నిజాం రాజ్యం వేయించిన తొలి రైలు మార్గం 1874లో మొదలైంది. దివాన్‌గా మొదటి సాలార్‌జంగ్ ఉన్న రోజులవి. వాడి దగ్గర బొంబాయి - మద్రాసు లైను తగులుతుంది. కాబట్టి హైదరాబాద్‌కు బయటి ప్రపంచంతో తొలి ఇనుప బంధం ఈ దారే. 2024తో దీనికి నూట యాభై ఏళ్లు నిండాయి. పైగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా పేరు మీదే వికారాబాద్‌కు ఆ పేరు వచ్చిందంటారు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది కూడా ఆయనే.

బీదర్, పర్లి వైజ్‌నాథ్ వైపు వెళ్లే లైను వికారాబాద్‌లోనే విడిపోతుంది. రెండో కొమ్మ అనంతగిరి కొండల అంచున ధారూరు, రుక్మాపూర్ మీదుగా తాండూరు దిగుతుంది. ‘దిగుతుంది’ అనడం ఊరికే కాదు. తాండూరు కంటే వికారాబాద్ బాగా ఎత్తున ఉంది. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకు ప్రవహించి హైదరాబాద్ చేరితే, కాగ్నా పడమటికి తాండూరు దారి పడుతుంది. నీళ్లకు దిగుడు సుఖమే. సిమెంటుతో నిండిన గూడ్సు బండి తాండూరు నుంచి ఎదురెక్కి రావాలంటేనే అసలు పరీక్ష! తాండూరు అంటే కందిపప్పు అనుకుంటాం. 2022లో ఆ పప్పుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ రైల్వేవాళ్లకు తాండూరు అంటే ముందు గుర్తొచ్చేది సిమెంటే. ఒక్కసారిగా వేల టన్నులు. ఆ బరువును కొండ మీదికి లాగే ఇంజన్‌కు బలం చాలకపోతే వెనకాల ప్యాసింజర్ బండ్లన్నీ ఆగాల్సిందే.

అందుకే ఇంజన్ల బలం పెంచడం ఇలాంటి దారుల్లో సరదా వ్యవహారం కాదు. బండి టైముకు వచ్చిందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉండేది. పరిగి నుంచి బస్సులో వచ్చి ప్లాట్‌ఫాం మీద కూర్చున్న మనిషికి అది ఇంకా పెద్ద సంగతి. రైలు రెండు గంటలు ఆలస్యమైతే తిరుగు బస్సు వెళ్లిపోతుంది!

అమెరికా బండి, మన మేస్త్రీలు

పొగ ఇంజన్ల తరవాత ఈ దేశంలో పట్టాలను ఏలింది డబ్ల్యూడీఎం-2. పేరు నోరు తిరగనట్టుంటుంది గానీ విడదీస్తే సులువే. డబ్ల్యూ అంటే వెడల్పు పట్టాలది, అంటే బ్రాడ్‌గేజ్. డి అంటే డీజిల్. ఎం అంటే మిక్స్‌డ్ - ప్యాసింజర్‌కైనా గూడ్సుకైనా పనికొచ్చేది.

దీని నమూనా అమెరికన్ లోకోమోటివ్ కంపెనీది. అందరూ పొట్టిగా ఆల్కో అంటారు. 1962లో అక్కడి నుంచి తెప్పించుకున్నాం. 1964 జనవరిలో వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో తయారీ మొదలైంది. విచిత్రమేమిటంటే 1969లో అమెరికాలో ఆ కంపెనీయే మూతపడింది. పుట్టింటి తలుపులు మూసుకుపోయినా పిల్ల మాత్రం మెట్టినింట్లో హాయిగా వంశాన్ని పెంచింది! 1998 దాకా ఈ రకం ఇంజన్లు 2,600కు పైగా తయారయ్యాయి.

ఇంతకీ డీజిల్ ఇంజన్ రైలును ఎలా లాగుతుంది? లారీలోలా ఇంజన్ నేరుగా చక్రాలు తిప్పుతుందనుకుంటే పొరపాటే. పెళ్లి ఊరేగింపు చూసే ఉంటారు కదా. వెనకాల తోపుడు బండి మీద జనరేటర్ గుడగుడలాడుతుంటుంది, ముందు లైట్లు వెలుగుతుంటాయి. ఇదీ అంతే. పదహారు సిలిండర్ల డీజిల్ ఇంజన్ జనరేటర్‌ను తిప్పుతుంది. అందులో పుట్టిన కరెంటు కింద ఆరు ఇరుసుల దగ్గరున్న ఆరు మోటార్లకు వెళ్తుంది. చక్రాలను తిప్పేది ఆ మోటార్లు. జనరేటర్, లైట్లు రెండూ ఒకే బండిలో ఊరేగుతున్నాయన్నమాట.

డబ్ల్యూడీఎం-2 బలం 2,600 హార్స్‌పవర్. అరవైల్లో అది గొప్పే. కానీ పెట్టెలు పెరిగాయి. పద్నాలుగు పెట్టెల బండి పద్దెనిమిదయింది, తరవాత ఇరవై నాలుగుకు చేరింది. కొత్త ఇంజన్లు కొందామంటే ఖరీదు. పాతవాటిని పారేద్దామంటే ఒళ్లు గట్టిగా ఉంది. మరేం చేయాలి?

పటియాలాలో ఉన్న కర్మాగారం ఇక్కడే రంగంలోకి దిగింది. డీజిల్ ఇంజన్ ఆయుష్షు 36 ఏళ్లని రైల్వే లెక్క. అందులో సగం, అంటే సుమారు 18 ఏళ్లు నిండిన ఇంజన్‌ను పటియాలా పంపేవారు. అక్కడ దాన్ని మొత్తం ఊడదీసేవారు. మిగిలేది అడుగున ఉండే ఇనుప చట్రం, బోగీలు. బోగీ అంటే మనం రైలు పెట్టె అనుకుంటాం. పత్రికల్లో కూడా అలాగే రాస్తాం. కానీ షెడ్డు భాషలో బోగీ అంటే పెట్టె కాదు, దాని అడుగున చక్రాలు, స్ప్రింగులు ఉండే ఇనుప బండి. ఈ మాట తెలియకుండా లోకో షెడ్డులో ఎవరితోనైనా మాట్లాడితే నవ్విపోతారు!

ఆ చట్రం పగుళ్లు లేకుండా ఉందో లేదో చూసి, సరిచేసి, దాని మీద కొత్త సామగ్రి అమర్చేవారు. అన్నిటికంటే ముఖ్యమైన మార్పు జనరేటర్‌ది. పాత డీసీ జనరేటర్‌లో తిరిగే భాగానికి కార్బన్ బ్రష్షులు రాసుకుంటూ ఉంటాయి. అవి అరుగుతాయి, నిప్పురవ్వలు వస్తాయి, దుమ్ము చేరుతుంది. బలం పెంచాలంటే ఆ జనరేటరే అడ్డం. దాన్ని తీసేసి ఆల్టర్నేటర్ పెట్టారు. ఇది పుట్టించే ఏసీ కరెంటును రెక్టిఫయర్ డీసీగా మార్చి కిందనున్న పాత తరహా మోటార్లకే పంపుతుంది. కార్లు నడిపేవాళ్లకు చెప్పాలంటే, పాత డైనమో పోయి ఆల్టర్నేటర్ రావడం లాంటిదే. కాకపోతే ఇది గదంత ఉంటుంది.

రెండో మార్పు టర్బోఛార్జర్. ఆల్కో ఇంజన్ స్టేషన్ నుంచి కదిలేటప్పుడు నల్లటి పొగ స్తంభంలా లేచేది గుర్తుందా? ముందు ఆయిల్ వెళ్తుంది, దాన్ని సరిగా మండించాల్సిన గాలి ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్యలో వచ్చేదే ఆ పొగ. మెరుగైన టర్బో వేశాక గాలి బాగా అందింది. అదే డీజిల్‌తో ఎక్కువ పని. పొగ పూర్తిగా పోయిందా అంటే అదీ లేదు. ఆల్కో ఇంజన్ అభిమానులు ఆ పొగ కోసమే కెమెరాలు పట్టుకు తిరిగేవారనుకోండి!

ఇలా తయారై వచ్చిన ఇంజన్ బలం 3,100 హార్స్‌పవర్. పేరు డబ్ల్యూడీఎం-3ఎ. ఇందులో 3 అంటే మూడు వేలు, ఎ అంటే మరో వంద. అంటే అదే చట్రం మీద అయిదొందల గుర్రాల బలం అదనంగా వచ్చి చేరింది. రంగు కొత్తగా వేసేవారు. నెంబరు మాత్రం పాతదే ఉంచి చివర ‘ఆర్’ అని ఓ అక్షరం తగిలించేవారు. పునర్నిర్మాణం జరిగిందని చెప్పే గుర్తు అది. ఆర్టీఓ ఆఫీసులో కాగితం మీద రాసేదాన్ని రైల్వే ఇంజన్ ఒంటి మీదే రాసింది!

దక్షిణ మధ్య రైల్వేలో మౌలాలి, కాజీపేట, గుత్తి లాంటి డీజిల్ షెడ్లు ఇలాంటి ఇంజన్లను ఏళ్ల తరబడి సాకాయి. కొత్త ఇంజన్ కొనడం కంటే తక్కువ ఖర్చులో దేశానికి ఇంకో తరం ఇంజన్లు దొరికాయి. ఇందులో మన మేస్త్రీల ఘనత తక్కువేం కాదు. అసలు కంపెనీ మూతపడ్డాక విడిభాగాల నుంచి మార్పుల దాకా అన్నీ ఇక్కడే చేసుకోవాల్సి వచ్చింది. అదే మేలయింది. బయటివాళ్లను అడిగే పని లేకపోయింది.

బల్ల మీద రైలు, తలకిందుల లెక్క

పెద్ద రైళ్లతో చేసిన ఈ పనినే చిన్న రైళ్లతో చేసేవాళ్లూ ఉన్నారు. ఆట రైళ్లంటే చిన్నచూపు వద్దు. అసలు బండిలో 87వ వంతు కొలతతో, ప్రతి మేకూ కనిపించేలా చేసే నమూనాలివి. 17 మీటర్ల డబ్ల్యూడీఎం-2 ఈ లెక్కన 20 సెంటీమీటర్లలోపు. అరచేతి మీద పెట్టుకోవచ్చు. వికారాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు పుణెలో దిగితే, కోత్రుడ్‌లో జోషీల చిన్న రైళ్ల మ్యూజియం చూడొచ్చు. 1998 నుంచి ఉంది. బల్లల మీద ఊళ్లు, కొండలు, సిగ్నళ్లు, వాటి మధ్య పరుగులు తీసే బుల్లి రైళ్లు... పిల్లల్ని తీసుకెళ్తే పెద్దవాళ్లను బయటికి లాక్కురావడం కష్టం.

ఈ బుల్లి ఇంజన్లకూ వయసు మీద పడుతుంది. పాతవాటిలో మోటారు పైకి కనిపిస్తూ ఉంటుంది. దాని అయస్కాంతం ఏళ్లు గడిచేకొద్దీ నీరసిస్తుంది. కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది, కదలమంటే ఒక్కసారిగా దూకుతుంది. ప్లాస్టిక్ పళ్ల చక్రాలు చీలిపోతాయి. జింకు లోహంతో పోత పోసిన భాగాలు కొన్ని పొడిపొడిగా రాలిపోతాయి. ఒంటి మీద రంగు మాత్రం కొత్తపెళ్లికొడుకులా మెరుస్తుంటుంది!

అప్పుడేం చేస్తారంటే, పై తొడుగును జాగ్రత్తగా ఊడదీస్తారు. లోపల చిన్న డబ్బాలా మూసి ఉండే కొత్తరకం 12 వోల్టుల మోటారు పెడతారు. ఇత్తడి చక్రం ఒకటి దాని ఇరుసుకు బిగిస్తారు. కుండ చేసే సారెలాగే అది ఒకసారి తిరగడం మొదలుపెట్టాక వేగాన్ని నిలబెడుతుంది. దాంతో బండి కుదుపు లేకుండా నెమ్మదిగా కదులుతుంది. కొందరైతే కింది భాగాన్ని మొత్తం పక్కన పడేసి కొత్త చాసిస్ మీద పాత తొడుగును కూర్చోబెడతారు.

గమనించారా? ఇది పటియాలా లెక్కకు పూర్తిగా తలకిందులు. అక్కడ చట్రం ఉంచి పైనున్నవన్నీ మార్చారు. ఇక్కడ పై తొడుగు ఉంచి చట్రాన్ని మార్చారు. రైల్వేకు బరువు మోసే వెన్నెముక విలువైనది. బల్ల మీద బండి నడిపేవాడికి చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన రూపం విలువైనది. పాతది అంటే ఏమిటో ఎవరికి వారే తేల్చుకుంటారు!

మన ఇంజన్లను నమూనాలుగా చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. 87వ వంతు తీస్తే 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. కానీ బజారులో దొరికే విదేశీ చాసిస్‌లు 16.5 మిల్లీమీటర్ల పట్టాలవి. అంటే పైన మన ఇంజన్ వెడల్పాటి ఒళ్లు, కింద సన్నటి కాళ్లు! తెలిసినవాళ్ల కంటికి ఇట్టే దొరికిపోతుంది. అయినా సర్దుకుపోతారు.

తీగలు వచ్చాక...

మళ్లీ అసలు పట్టాల మీదికి వద్దాం. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి వికారాబాద్, తాండూరు మీదుగా వాడి దాకా పైన కరెంటు తీగలున్నాయి. ఆరు వేల హార్స్‌పవర్ దాటిన విద్యుత్ ఇంజన్లు సిమెంటు బండ్లను కొండ మీదికి లాగేస్తున్నాయి. ఖర్చు తక్కువ, పొగ లేదు, దిగుమతి చేసుకునే ఆయిల్ ఆదా. కాదనడానికి వీల్లేదు. కానీ 36 ఏళ్ల ఆయుష్షులో ఇంకా సగం కూడా నిండని డీజిల్ ఇంజన్ల మాటేమిటి?

వారణాసి కర్మాగారం ఓ ప్రయత్నం చేసింది. రెండు డబ్ల్యూడీజీ-3ఎ గూడ్సు డీజిల్ ఇంజన్లను తీసుకుని, వాటిలోని డీజిల్ యంత్రాలను దించేసి, ట్రాన్స్‌ఫార్మర్లు, విద్యుత్ సామగ్రి ఎక్కించి, రెండింటినీ జంట చేసింది. మొత్తం బలం పది వేల హార్స్‌పవర్. 2017 డిసెంబరులో మొదలుపెట్టి 2018 ఫిబ్రవరి చివరికల్లా, 69 రోజుల్లో ముగించారు. 2019 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి జెండా ఊపారు. మటాడోర్ అంబాసిడర్‌కు ఇంతకంటే పెద్ద అన్న ఎవరుంటారు? అయితే ఆ దారి పెద్దగా ముందుకు సాగలేదు. మార్చి వాడుకోవడం కంటే మూడు ఫేజుల మోటార్లతో వచ్చే కొత్త విద్యుత్ ఇంజన్లను తయారుచేయడానికే రైల్వే మొగ్గింది. ఒకప్పుడు డీజిల్‌కు పుట్టిల్లయిన వారణాసే ఇప్పుడు కొత్త విద్యుత్ ఇంజన్లు చేస్తోంది.

కొన్ని డీజిల్ ఇంజన్లకు మాత్రం పొరుగింట చోటు దొరికింది. 2020 జులైలో పది, 2023 మే నెలలో మరో ఇరవై ఇంజన్లను భారత్ బంగ్లాదేశ్‌కు ఇచ్చింది. ఆల్కో వంశంలో చివరి తరమైన డబ్ల్యూడీఎం-3డి రకం అవి. ఇచ్చిపుచ్చుకోవడానికి కారణం స్నేహమొక్కటే కాదు. అక్కడా మన కొలత బ్రాడ్‌గేజ్ పట్టాలున్నాయి. బోగీలు మార్చక్కర్లేదు! మిగతావాటిలో కొన్ని షంటింగ్‌కు, తీగల్లో కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి ఉన్నాయి. చాలావాటి కథ తుక్కు వేలంలో ముగిసింది. పొరుగు దేశంలో పరుగెత్తగల బండి ఇక్కడ తూకానికి పోవడం చూస్తే, చూసే కంటికి చివుక్కుమంటుంది.

పరిగి మాటకొస్తే... వికారాబాద్ నుంచి పరిగి, కొడంగల్, నారాయణపేట మీదుగా కృష్ణా స్టేషన్ దాకా కొత్త లైను వేయాలన్న ప్రతిపాదన ఏళ్లనాటిది. సర్వేలు, వినతిపత్రాలు, ఎన్నికల సభల్లో హామీలు అన్నీ అయ్యాయి. పట్టాలు మాత్రం పడలేదు. పొగ ఇంజన్ పోయింది, డీజిల్ వచ్చింది, దాని గుండె మారింది, చివరికి డీజిలే పోయి కరెంటు వచ్చింది. ఇన్ని తరాలు మారినా పరిగి వాళ్లు ఎక్కే మొదటి బండి ఆర్టీసీ బస్సే. ఇంజన్‌కు వయసైపోతే మార్చడానికి ఓ కర్మాగారం ఉంది. దారి మార్చడానికే ఎక్కడా షెడ్డు లేనట్టుంది!

పిల్లలకు రైళ్లు చూపించాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున్నే పరిగి నుంచి వికారాబాద్ బస్సెక్కొచ్చు. స్టేషన్ చూసుకుని అనంతగిరి వెళ్తే అడవి, అనంతపద్మనాభస్వామి గుడి, మూసీ పుట్టినచోటు ఒక్కరోజులో అయిపోతాయి. ఓపికుంటే ప్యాసింజర్ బండిలో ధారూరు, రుక్మాపూర్ మీదుగా తాండూరు దాకా వెళ్లి కందిపప్పు కొనుక్కుని రావచ్చు. ఏ సైడింగ్‌లోనైనా పాత డీజిల్ ఇంజన్ నిలబడి ఉంటే నెంబరు చివర అక్షరం చూడటం మరిచిపోవద్దు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పరిగికి చివరి బస్సు ఎన్నింటికో మాత్రం పొద్దున్నే కనుక్కుని ఉంచుకోవాలి.